ఇంగ్లిష్ కీబోర్డుతో జర్మన్ సబ్‌టైటిల్స్: చుక్కల అక్షరాలు ఎలా కొడుతున్నారు?

ఓరుగల్లు_ఎడిటింగ్

మా వదిన నర్సింగ్ అమ్మాయిలకి ఆన్‌లైన్‌లో జర్మన్ చెప్తుంది, బీ1 పరీక్షకి వెళ్లేవాళ్లు ఎక్కువ. ఆ వీడియోలు ఎడిట్ చేసేది నేనే. పైన లైన్‌లో జర్మన్, కింద తెలుగు, అలా సబ్‌టైటిల్స్ వేయమంటుంది. నాకు జర్మన్ రాదు, ఆవిడ నోట్‌బుక్‌లో రాసి ఫోటో పంపుతుంది, నేను చూసి కొడతాను.

తలనొప్పి అంతా ఎ, ఓ, యు మీద రెండు చుక్కలుండే అక్షరాలతో, ఇంకా బీటాలా కనిపించే ఆ ఎస్‌సెట్‌తో. ఇప్పటిదాకా ఒక వెబ్‌పేజీ తెరిచి పెట్టుకుని ఒక్కో అక్షరం కాపీ పేస్ట్ చేస్తున్నా. జర్మన్‌లో ప్రతి రెండో వాక్యానికి ఒకటి తగులుతుంది, పని సాగట్లేదు. నాది విండోస్ 11 ల్యాప్‌టాప్, మామూలు ఇంగ్లిష్ కీబోర్డ్, కుడి పక్కన నంబర్ల భాగం లేదు.

ఇంకోటి, అసలు దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలీదు, కొన్ని పాత ఎస్‌ఆర్‌టీ ఫైళ్లు (వీడియోకి విడిగా ఉండే సబ్‌టైటిల్ ఫైళ్లు) పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో పెడితే చుక్కల అక్షరం ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటాయి. మీరెవరైనా ఇలాంటి పని చేస్తుంటే చెప్పండి.

సీతాఫల్‌మండి_రాజు

ఆల్ట్ కోడ్స్ వాడు బ్రదర్. ఆల్ట్ పట్టుకుని 0228 కొడితే చుక్కల ఎ, 0246 ఓ, 0252 యు, ఎస్‌సెట్‌కి 0223. పెద్దక్షరాలకి 0196, 0214, 0220. ఓ కాగితం మీద రాసి స్క్రీన్ అంచుకి అతికించుకో, వారంలో వేళ్లకి అలవాటైపోతుంది.

కొలోన్‌లో_కోనసీమ

రాజు గారూ, నంబర్ల భాగం లేదని రాశారు కదా. పై వరసలో ఉన్న అంకెలతో ఆల్ట్ కోడ్ పనిచేయదు, నమ్‌ప్యాడే కావాలి. ఉన్నా కూడా, ఒక్క అక్షరానికి నాలుగు అంకెలు కొడుతూ సబ్‌టైటిల్స్ రాయడం శిక్షే. ఎప్పుడో ఒకసారి ఒక పేరు రాయాల్సి వస్తే సరే.

నేను చెప్పేది: జర్మన్ లేఅవుట్, అంటే ఏ కీ కొడితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక, పెట్టేసుకోండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ జర్మన్ చేర్చితే కీబోర్డ్ దానంతటదే వస్తుంది. తెలుగుకీ ఇంగ్లిష్‌కీ మధ్య విండోస్ కీ, స్పేస్ కొట్టి మారతారు కదా, ఇదీ అంతే. సెమీకోలన్ ఉన్న చోట చుక్కల ఓ, దాని పక్కన కొటేషన్ కీ మీద చుక్కల ఎ, పీ పక్కనున్న బ్రాకెట్ మీద చుక్కల యు, సున్నా పక్కన హైఫన్ మీద ఎస్‌సెట్. వై, జెడ్ మాత్రం చోట్లు మార్చుకుంటాయి, మొదట్లో తిట్టుకుంటారు, తర్వాత పోతుంది. నేను ఇక్కడికొచ్చాక కొన్న కీబోర్డ్ ఇదే, ఇప్పుడు ఇండియా వచ్చినప్పుడు మా నాన్న కంప్యూటర్ మీద కొట్టాలంటే వై బదులు జెడ్ పడుతుంది.

ఫ్రేమ్_టు_ఫ్రేమ్

కోనసీమ గారూ, మీరు చెప్పింది జర్మనీలో జర్మన్ కీబోర్డ్ మీద ఉత్తరాలు రాసుకునేవాళ్లకి బాగుంటుంది. సబ్‌టైటిల్స్ పనికి ఒక ఇబ్బంది ఉంది, అది మీకు తట్టకపోవడం సహజం, ఎందుకంటే మీ కీబోర్డ్‌లో ఆ కీ ఉంది. జర్మన్ కీబోర్డ్‌లో ఎడమ షిఫ్ట్ పక్కన ఒక అదనపు కీ ఉంటుంది, 'చిన్నది', 'పెద్దది' గుర్తులు రెండూ దాని మీదే. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా అమెరికన్ పద్ధతివి, వాటిలో ఆ కీయే ఉండదు. అంటే జర్మన్ లేఅవుట్‌లో ఉన్నంతసేపూ ఎస్‌ఆర్‌టీలో మొదలు సమయానికీ చివరి సమయానికీ మధ్య వేసే బాణం గుర్తు చేత్తో కొట్టలేం. ఇటాలిక్ ట్యాగ్ పెట్టలేం. ప్రతిసారీ లేఅవుట్ మార్చి వెనక్కి రావాలి. సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌కోడ్ అదే వేసుకుంటుంది కాబట్టి అక్కడ పర్లేదు గానీ, నోట్‌ప్యాడ్‌లో దిద్దేవాళ్లకి నరకం.

పైగా అడిగిన మనిషికి జర్మన్ రాదు, నోట్‌బుక్ చూసి కొడుతున్నారు. అక్షరాల చోట్లు మారిపోయిన కీబోర్డ్ మీద తెలియని భాష కొట్టమనడం న్యాయం కాదండీ.

అమెరికా ఇంటర్నేషనల్ లేఅవుట్ పెట్టుకోండి, విండోస్‌తోనే వస్తుంది, విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. అదే లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో మీ ఇంగ్లిష్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, యాడ్ ఎ కీబోర్డ్ అంటే జాబితాలో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ అని కనిపిస్తుంది. అన్ని కీలూ ఉన్నచోటే ఉంటాయి. కుడి ఆల్ట్ పట్టుకుని క్యూ కొడితే చుక్కల ఎ, పీ కొడితే చుక్కల ఓ, వై కొడితే చుక్కల యు, ఎస్ కొడితే ఎస్‌సెట్. షిఫ్ట్ కూడా కలిపితే చుక్కలవి మూడూ పెద్దక్షరాలవుతాయి.

దీనితో ఒకే చిరాకు. ఇందులో కొటేషన్ గుర్తు వెంటనే పడదు, తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది. డబుల్ కొటేషన్ కొట్టి ఎ కొడితే కొటేషన్ పోయి చుక్కల ఎ వస్తుంది. మామూలుగా చుక్కలు కావాలన్నప్పుడు అదీ ఒక దారే, కానీ సబ్‌టైటిల్‌లో ఎవరో అన్న మాటని కొటేషన్‌లో పెట్టేటప్పుడు, ఆ మాట ఎ తోనో ఓ తోనో మొదలైతే ఇబ్బంది. కొటేషన్ తర్వాత ఒకసారి స్పేస్ కొడితే గుర్తు నిలబడుతుంది, తర్వాత మాట కొట్టుకోవచ్చు.

బగ్_బాబాయ్

ఆ కొటేషన్ గోల పడలేకే నేను యూర్‌కీ అనే లేఅవుట్‌కి మారాను. ఉచితం, యూరప్ భాషలన్నీ కొట్టే ప్రోగ్రామర్ల కోసం ఒక జర్మన్ ఆయనే చేశాడు. అమెరికన్ కీబోర్డ్ ఎలా ఉందో అలాగే, కొటేషన్లు వెంటనే పడతాయి, కుడి ఆల్ట్‌తో ఎ కొడితే చుక్కల ఎ, ఓ కొడితే చుక్కల ఓ, యు కొడితే చుక్కల యు, ఎస్ కొడితే ఎస్‌సెట్. క్యూ, పీ, వై అంటూ గుర్తుపెట్టుకునేది ఏమీ లేదు. లినక్స్‌లో ముందే ఉంటుంది, విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

బయటివాళ్లది ఇన్‌స్టాల్ చేయడానికి మనసొప్పకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లదే పవర్‌టాయ్స్ ఉంది, అదీ దించుకోవాల్సిందే గానీ, అందులో క్విక్ యాక్సెంట్. ఎ పట్టుకుని స్పేస్ కొడితే పైన చిన్న పట్టీలో చుక్కల ఎ వస్తుంది. సెట్టింగ్స్‌లో జర్మన్ ఒక్కటే ఎంచుకోండి, లేకపోతే ప్రపంచంలోని ఎ లన్నీ వరసకడతాయి. నాకైతే వేగంగా కొట్టేటప్పుడు ఇది నచ్చలేదు, చెయ్యి ఆగిపోతుంది.

ఆటోహాట్‌కీ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, నేనే చెప్పేస్తున్నా: ఎ కొట్టి రెండు సెమీకోలన్లు కొడితే చుక్కల ఎ అయ్యేలా రాసుకోవచ్చు. పాత వెర్షన్ అయితే ఆ స్క్రిప్ట్ ఫైల్‌ని బీఓఎమ్ (ఫైల్ మొదట్లో పడే చిన్న ఆనవాలు) ఉన్న యూటీఎఫ్-8 (ఫైల్‌లో అక్షరాలు దాచే ఒక పద్ధతి)లో సేవ్ చేయాలి, లేకపోతే స్క్రిప్టే పిచ్చి గుర్తులు కొడుతుంది. రోగానికి ఇచ్చిన మందుకే అదే రోగం.

మ్యాక్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఆప్షన్ పట్టుకుని యు, వదిలేసి ఎ లేదా ఓ లేదా యు. ఎస్‌సెట్‌కి ఆప్షన్, ఎస్. అంతే, మీకు కష్టాల్లేవు.

సీతాఫల్‌మండి_రాజు

ఇంత పంచాయితీ ఎందుకు, జర్మన్ వాళ్లే చుక్కలు దొరక్కపోతే ఎ తర్వాత ఇ కలిపి రాస్తారు కదా, ఓ ఇ, యు ఇ, ఎస్‌సెట్‌కి రెండు ఎస్‌లు. అలా కొట్టేసి చివర్లో ఒకేసారి ఫైండ్ రీప్లేస్ కొడితే అన్నీ చుక్కలవుతాయి.

కొలోన్‌లో_కోనసీమ

అయ్యో, అది మాత్రం చేయకండి. ఈమెయిల్ అడ్రస్‌లో అలా రాసుకోవడం వరకే బాగుంటుంది. రీప్లేస్ కొట్టారంటే ఆడవాళ్లు అనే ఫ్రావెన్ మాటలో యు, ఇ పక్కపక్కనే ఉంటాయి, అది కాస్తా చుక్కల యు అయి కూర్చుంటుంది. పన్ను, నిప్పు, కొత్త, ఇప్పటి, ఇలా రోజువారీ మాటల్లో ఆ రెండక్షరాలు మామూలుగానే కలిసి వస్తాయి. రెండు ఎస్‌లని మార్చితే ఇంకా ఘోరం, నీళ్లు అనే వాసర్‌కి రెండు ఎస్‌లే సరైనవి. 1996 స్పెల్లింగ్ సంస్కరణ తర్వాత పొట్టి అచ్చు తర్వాత రెండు ఎస్‌లు, పొడుగు అచ్చు తర్వాతా జంట అచ్చుల తర్వాతా ఎస్‌సెట్ అని నియమం. రీప్లేస్ బటన్‌కి అది తెలీదు. స్విట్జర్లాండ్ వాళ్లయితే ఎస్‌సెట్ వాడనే వాడరు, అన్నిచోట్లా రెండు ఎస్‌లే. మీ వదిన గారు నేర్పేది జర్మనీ వెళ్లేవాళ్లకి కాబట్టి అది కుదరదు.

చుక్కలు వదిలేసినా కూడా చాలాచోట్ల మాట తప్పుగా కనిపించదు, వేరే మాటైపోతుంది, నేర్చుకునేవాళ్లకి ప్రమాదం అక్కడే. హట్టె అంటే 'ఉండింది', దాని మీద చుక్కలు పెడితే 'ఉండి ఉంటే'. వుర్డె కూడా అంతే. డబ్బు చెల్లించడానికీ లెక్కపెట్టడానికీ మధ్య తేడా ఆ రెండు చుక్కలే. బీ1 పరీక్ష రాసే పిల్ల సబ్‌టైటిల్ చూసి అదే నేర్చుకుంటుంది.

ఫ్రేమ్ గారూ, ఆ బాణం కీ సంగతి నిజమే, నాకు తట్టలేదు.

ఓరుగల్లు_ఎడిటింగ్

అందరికీ థ్యాంక్స్. రాజు గారూ, బ్రదర్ కాదండీ, సిస్టర్‌ని.

ముందు అమెరికా ఇంటర్నేషనల్ పెట్టి చూశా, కుడి ఆల్ట్ బాగానే ఉంది కానీ కింద లైన్‌లో తెలుగు, మధ్యలో కొటేషన్లు, ఆ ఆగడం నాకు కుదర్లేదు. యూర్‌కీ వేసుకున్నా. ఎ కి ఎ, ఓ కి ఓ, ఇది హాయి. తెలుగు, యూర్‌కీ, రెండే ఉంచి మిగతావి తీసేశా.

టీవీలో పిచ్చి గుర్తుల సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకో కొత్త సమస్య: వీడియో మీదే అంటించే సబ్‌టైటిల్స్‌కి తెలుగు లైన్ అను ఫాంట్‌లో ఉంటుంది, మా దగ్గర పాత టెంప్లేట్లన్నీ అవే. జర్మన్ లైన్‌కి కూడా అదే ఫాంట్ తగిలితే చుక్కల అక్షరం దగ్గర ఏదో తెలుగు ముక్క వస్తోంది! సగం గుడి లాంటిది.

ఫ్రేమ్_టు_ఫ్రేమ్

సిస్టర్, టీవీ సంగతి ముందు.

ఎస్‌ఆర్‌టీ అంటే ఉత్త టెక్స్ట్ ఫైల్. ఇది ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని అంకెలుగా దాచే ఏ పద్ధతిలో రాశారు అని ఫైల్ లోపల ఎక్కడా రాసి ఉండదు, చదివే ప్లేయర్ ఊహించుకుంటుంది. ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే ఏ ఊహైనా సరిపోతుంది, అందుకే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కి ఈ గొడవ కనిపించదు. పాత పద్ధతి విండోస్ 1252లో చుక్కల ఎ కి ఒక బైట్, యూటీఎఫ్-8లో రెండు బైట్లు. నోట్‌ప్యాడ్ చాలా ఏళ్లు ఏఎన్‌ఎస్‌ఐ అనే పేరుతో పాత పద్ధతిలోనే సేవ్ చేసేది, 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూటీఎఫ్-8 దాని మామూలు అలవాటైంది. అందుకే పాత ఫైళ్లూ కొత్త ఫైళ్లూ వేరేగా ప్రవర్తిస్తుంటాయి.

తెర మీద ఏం కనిపిస్తోందో చూసి జబ్బు చెప్పొచ్చు. ఒక్క చుక్కల అక్షరం స్థానంలో రెండు గుర్తులు, అందులో మొదటిది పైన వంకర గీత ఉన్న పెద్ద ఎ అయితే, మీ ఫైల్ శుభ్రంగా యూటీఎఫ్-8లోనే ఉంది, టీవీయే పాత పద్ధతిలో చదువుతోంది. అలాంటప్పుడు ఫైల్‌లో అక్షరాలు మళ్లీ కొట్టకండి. సేవ్ యాజ్‌లో యూటీఎఫ్-8 విత్ బీఓఎమ్ అని పెట్టి చూడండి, ఫైల్ మొదట్లో చిన్న ఆనవాలు పడుతుంది, దాన్ని గుర్తుపట్టే టీవీలు సరిగ్గా చూపిస్తాయి. కొన్ని టీవీల సబ్‌టైటిల్ మెనూలోనే భాషో ఎన్‌కోడింగో ఎంచుకునే వీలుంటుంది, అదీ వెతకండి. అదే నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తే వ్యవహారం తిరగబడింది: ఫైల్ పాత పద్ధతిలో ఉంది, ప్లేయర్ యూటీఎఫ్-8 ఆశిస్తోంది. అప్పుడు మాత్రం ఫైల్ మార్చాలి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద ఎన్‌కోడింగ్ మనమే ఎంచుకుని తెరిచే వీలుంది. 1252 ఎంచుకుని, ముందుచూపులో చుక్కలు సరిగ్గా కనిపిస్తే తెరిచి, పైన ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 చేసి సేవ్ కొట్టండి.

ఒక్కటి జాగ్రత్త. పిచ్చి గుర్తులు కనిపిస్తుండగా ఆ ఫైల్‌ని అలాగే సేవ్ చేశారంటే ఆ గుర్తులే నిజమైన అక్షరాలైపోతాయి, తర్వాత వెనక్కి తేవడం కష్టం, కూర్చుని దిద్దుకోవాల్సి రావచ్చు.

ఇంకో మాట, మీ ఫైల్‌లో కింద లైన్ తెలుగు అన్నారు. తెలుగు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ విడివిడి నంబర్లుండే పద్ధతి) అసలు 1252లో పట్టదు. కాబట్టి రెండు భాషల ఫైళ్లకి యూటీఎఫ్-8 తప్ప దారి లేదు. వెబ్‌వీటీటీ అనే ఇంకో సబ్‌టైటిల్ ఫార్మాట్ అయితే రూలే యూటీఎఫ్-8, అక్కడ ఊహించుకునే పని లేదు.

బగ్_బాబాయ్

అను ఫాంట్ సంగతి నేను చెప్తా, చాలా ఏళ్లు ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేశా.

అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలకీ, వాటి తర్వాత యూరప్ భాషల అక్షరాలకీ కేటాయించిన నంబర్ల మీద మన గుణింతాలు, వత్తులు ముక్కలు ముక్కలుగా తెచ్చి కూర్చోబెట్టారు. అప్పట్లో వేరే మార్గం లేదు. అంటే కంప్యూటర్ దృష్టిలో మీరు కొట్టింది జర్మన్ చుక్కల ఎ యే, 228 నంబరే, కానీ ఆ ఫాంట్‌లో ఆ గదిలో కాపురం ఉన్నది తెలుగు ముక్క. అందుకే సగం గుడి. తప్పు మీ కీబోర్డ్‌ది కాదు, ఫైల్‌ది కూడా కాదు.

జర్మన్ లైన్‌కి విడిగా నోటో సాన్స్ లాంటిది పెట్టండి. లేదా రెండు లైన్లూ ఒకే ఫాంట్‌లో ఉండాలంటే హింద్ గుంటూరు, బాలు తమ్ముడు 2 రెండిట్లోనూ తెలుగూ ఉంది, చుక్కల అక్షరాలూ ఉన్నాయి, ఉచితం. తెలుగు లైన్ యూనికోడ్‌లోకి మార్చాలి, అది ఒకసారి చేసే చాకిరీ. పాత టెంప్లేట్ల మీద మమకారం ఉంటే ఉంచుకోండి, వాటిలోకి జర్మన్‌ని మాత్రం పంపకండి.

ఇప్పుడు కాపీ పేస్ట్ చేసిన పాత ఫైళ్లలో ఒకటి వెతకండి: ఎస్‌సెట్ బదులు నిజంగానే గ్రీకు బీటా పడిందేమో. చిన్న ఫాంట్‌లో తేడా తెలీదు, పెద్ద తెర మీద తోక కిందికి వేలాడుతుంది. ఒక బీటాని కాపీ చేసి ఫైల్‌లో ఫైండ్ కొడితే దొరికిపోతుంది.

ఇంకా పీడీఎఫ్ నుంచి తెచ్చిన మాటల్లో ఒక్కోసారి చుక్కల ఎ ఒకే అక్షరంగా ఉండదు, మామూలు ఎ, దాని వెనక విడిగా చుక్కల గుర్తు ఉంటుంది. కంటికి ఒకేలా ఉంటుంది, ఫైండ్‌లో వెతికితే దొరకదు, కొన్ని ఫాంట్లలో చుక్కలు పక్కకి జారతాయి. అలాంటిది తగిలితే ఆ అక్షరం చెరిపి మళ్లీ కొట్టండి.

ఓరుగల్లు_ఎడిటింగ్

టీవీలో కనిపించేది రెండు గుర్తులే, వంకర గీత ఎ యే. బీఓఎమ్‌తో సేవ్ చేశా, మా ఇంటి టీవీలో సరిపోయింది, వదిన వాళ్ల టీవీ ఇంకా చూడాలి. పాత ఫైళ్లలో బీటాలు బోలెడు దొరికాయి, బాబాయ్ గారికి దండం.

చివరిగా రెండు. నాకు భాష రాదు కాబట్టి చుక్క మర్చిపోతే పట్టుకునే మార్గం ఏదైనా ఉందా? వీడియో మొదట్లో టైటిల్ మొత్తం పెద్దక్షరాల్లో వేస్తాం, వీధి అనే మాటలో ఎస్‌సెట్‌కి పెద్దక్షరం ఏది?

కొలోన్‌లో_కోనసీమ

సబ్‌టైటిల్ ఎడిట్‌లో జర్మన్ డిక్షనరీ దించుకుని స్పెల్‌చెక్ నడపండి, చుక్క లేనివి చాలావరకు ఎర్రగా చూపిస్తుంది. హట్టె లాంటివి మాత్రం చూపించదు, చుక్కలున్నా లేకపోయినా రెండూ సరైన మాటలే కదా. అలాంటి జంటల పట్టీ ఒకటి మీ వదిన గారి చేత రాయించుకోండి, స్పెల్‌చెక్ అయ్యాక ఫైల్‌లో వాటినే వెతికి నోట్‌బుక్‌తో పోల్చుకుంటే చాలు, మొత్తం చదవక్కర్లేదు.

టైటిల్‌కి రెండు ఎస్‌లు వేసేయండి, పెద్దక్షరాల్లో అది ఎప్పటినుంచో సరైనదే. పెద్ద ఎస్‌సెట్ అని విడిగా ఒక అక్షరం ఉంది, 2008లో యూనికోడ్‌లోకి, 2017లో అధికారిక నియమాల్లోకి వచ్చింది. మీ ఫాంట్‌లో ఉంటే అదీ వాడొచ్చు. చిన్న ఎస్‌సెట్‌ని మాత్రం పెద్దక్షరాల మధ్యలో పెట్టకండి, మా ఊళ్లో కొన్ని షాపు బోర్డుల మీద అలా కనిపిస్తుంది, చూడ్డానికి బాగోదు.